నీమాకి కుర్చీ వద్దు

మా రామచంద్రరావుగారికి కాస్త కొత్త మనిషి కనిపిస్తే చాలు, శాలువా కప్పాలనిపిస్తుంది. చలికాలంలో అయితే పోనీ పుణ్యం వస్తుందిలే అనుకోవచ్చు. ఆయనకి ఆ ఊపు ఎండాకాలంలోనే ఎక్కువ. ట్రెజరీ ఆఫీసులో రిటైరయ్యాక మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీ అయ్యారు. అప్పటినుంచి ఆయనకి మిగిలిన పని మేమే. చిక్కడపల్లిలో పుట్టి పెరిగిన మనిషి, సాయంత్రం ఏదో ఒక సభలో ముందువరసలో కూర్చోకపోతే రాత్రికి అన్నం సయించదు. మా పేటలో సభలకి కొదవ లేదు. గానసభ హాలు వైపు ఏ రోజు వెళ్లినా ఎవరికో ఒకరికి సన్మానం జరుగుతూనే ఉంటుంది. అవన్నీ చూసి చూసి ఆయన చెయ్యి ఊరుకోదు.

ఏటా మే నెలలో పిల్లలకి వేసవి శిబిరం నడపడం కూడా ఆయన పెట్టిన ఆనవాయితీయే. పొద్దున్నే కార్లూ స్కూటర్లూ వీధిలోకి తోలించి, వాచ్‌మన్ మాసయ్య సెల్లార్ అంతా కడిగి చాపలు పరిస్తే అదే మా బడి. బయట ఎండ పేలిపోతున్నా సెల్లార్ చల్లగా ఉంటుంది. మా అపార్ట్‌మెంట్ పిల్లలూ, వెనక సందులోంచి వచ్చే పిల్లలూ కలిసి పాతికమందిదాకా పోగవుతారు. శ్లోకాలు చెబుతాం, బొమ్మలు వేయిస్తాం, లెక్కల్లో చిట్కాలు నేర్పుతాం. పిల్లలు వచ్చేది మాత్రం మధ్యలో కొట్టే ఆటల బెల్లు కోసం. ఈ సంగతి రామచంద్రరావుగారికి ఒక్కరికే తెలియదు.

ఈ శిబిరానికి నేను గౌరవ సలహాదారుని. ఫ్లెక్సీ మీద అలాగే వేస్తారు, వేదవతి అన్న నా పేరు కింద. రెండేళ్ల క్రితం దాకా లెక్కలు నేనే చెప్పేదాన్ని. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక, మీరు కూర్చోండి మేడమ్, మేం చూసుకుంటాం అన్నారు. కూర్చున్నాను. అప్పటినుంచి ఇక్కడ ఏ పని మొదలెట్టినా ముందు నాకో కుర్చీ వేసి ఆ తర్వాత మొదలెడతారు. సలహా మాత్రం ఎవరూ అడగరు. నాకేం బాధ లేదు. బషీర్‌బాగ్‌లో ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగమంతా ఫైళ్లు మోసినదాన్ని, కూర్చోమంటే హాయిగా కూర్చుంటాను.

ఇక నీమా సంగతి. మా టెర్రస్ మీది గదిలో అద్దెకుంటుంది. సొంత దేశం టాంజానియా. అడిక్‌మెట్ దాటి యూనివర్సిటీలో ఫార్మసీ చదువుతోంది. గదిలో తోడుగా నవత అని పాలమూరు వైపు అమ్మాయి ఉంది, అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటూ గవర్నమెంటు ఉద్యోగానికి పరీక్షలు రాస్తుంటుంది. నీమా మూడేళ్లు నవతతో ఉండి, అశోక్‌నగర్ మెస్సుల్లో తిని తెలుగు నేర్చుకుంది. కాబట్టి ఆ పిల్ల తెలుగు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నేను "వచ్చావా అమ్మా" అంటే "గిప్పుడే వచ్చిన ఆంటీ" అంటుంది. మా నాన్నగారు యాభై ఆరు తర్వాత తెనాలి నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను పుట్టింది ఇక్కడ, పెరిగింది ఇక్కడ. అయినా నా మాట వినగానే నారాయణగూడ మార్కెట్లో కూరగాయలమ్మి "ఏ ఊరమ్మా మీది" అని అడుగుతుంది. నీమాని ఎవరూ ఆ మాట అడగరు. కాకపోతే ఆమె కనిపించగానే ఒక స్టూలు జరిపి, దుమ్ము తుడిచి, కూర్చోమంటారు.

ఆ స్టూలే ఆ పిల్లకి మంట. ఏప్రిల్ చివర ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, నేను కాఫీ కలుపుతుంటే వంటింటి గడప దగ్గర నిలబడి మొదలెట్టింది.

"ఆంటీ, మూడేండ్ల సంది చూస్తున్న. ఏడికి వోయినా కుర్చీ వేస్తరు. పెండ్లికి వోతే కుర్చీ, పూజకు వోతే కుర్చీ. తిన్న ప్లేటు గూడ కడగనియ్యరు. కూసొని కూసొని పరేషాన్ అయిన. పోయేలోపల జర ఏదన్న పని చెప్పుండ్రి నాకు."

చదువు అయిపోవచ్చింది, జూలైలో వాళ్ల దేశం వెళ్లిపోతుంది. కాలేజీకి సెలవులు ఇచ్చారు. ఊరికే గదిలో కూర్చునే బదులు పిల్లల శిబిరంలో పని చేస్తానంది. ఊడవమన్నా ఊడుస్తానంది. బొమ్మలు వేయించాలని రంగులు కూడా కొనుక్కుని వచ్చింది. మంచి ఆలోచనే అని, కాఫీ చేతికిచ్చి, కూర్చుని తాగమ్మా అన్నాను. నా వంక అదోలా చూసి నిలబడే తాగింది.

మర్నాడు నేనే రామచంద్రరావుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ల శిబిరంలో విదేశాల నుంచి ఒక మనిషి రావడం అదే మొదలట. రంగుల డబ్బా వైపు ఆయన చూడను కూడా లేదు. ఆటల విభాగం అమ్మాయిదే అని తేల్చేశారు. ఒలింపిక్స్ తప్పకుండా చూస్తారు ఆయన, ఆ వైపు దేశాల వాళ్లు ఎలా పరిగెడతారో నాకు అరగంట వర్ణించి చెప్పారు. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడు నీమా మెల్లిగా ఒక మాట చెప్పింది.

"సార్, నేను బస్సు కోసం గూడ ఎన్నడు ఉరకలే. బస్సు వోతే ఇంకోటొస్తది."

అది వినయం అనుకున్నారాయన. అప్పటికప్పుడు హిమాయత్‌నగర్ వెళ్లి ఫ్లెక్సీ వేయించుకొచ్చారు. అందులో నీమా ఫొటో నిలువెత్తున ఉంది, కింద 'అంతర్జాతీయ వాలంటీరు' అని ఉంది. టాంజానియా అన్న మాట పట్టడం లేదని ఆఫ్రికా అని వేయించారు. మా అందరి ఫొటోలూ ఆమె మోకాళ్ల దగ్గర తపాలా బిళ్లలంత ఉన్నాయి.

శిబిరం మొదటిరోజు నీమా చీపురు పట్టుకుని పొద్దున్నే దిగింది. మాసయ్య భార్య బుగ్గమ్మ ఆ చీపురు లాక్కుని, ఎర్ర మఖమల్ తొడుగేసిన కుర్చీ చూపించింది. అది ముఖ్య అతిథి కుర్చీ. పిల్ల కాదనేలోపల జ్యోతి వెలిగించడం, దండ వేయడం, శాలువా కప్పడం, జ్ఞాపిక ఇవ్వడం అన్నీ జరిగిపోయాయి. పని అడిగిన పాపానికి సన్మానం చేశారు. ఆ ఎండల్లో జరీ అంచు ఉన్ని శాలువా కప్పుకుని, చెమటలు కక్కుతూ, పక్కనే సలహాదారు కుర్చీలో ఉన్న నా వంక చూసింది. నేనేం చేయగలను? మజ్జిగ తాగమ్మా అన్నాను.

ఆటల బెల్లు కొట్టగానే మాత్రం శాలువా కుర్చీ మీద పడేసి పిల్లల్లోకి దూకింది. మా పిల్లలు ఆడేది నేలా బండా. దొంగగా ఉన్నవాళ్లు నేల కోరుకుంటే మిగతావాళ్లు బండ మీద ఉండాలి. స్తంభాల కింద దిమ్మెలు, లిఫ్టు ముందరి మెట్టు, జనరేటర్ గట్టు, ఇవి మా సెల్లార్‌లో బండలు. దొంగని ఉడికించడానికి నేల మీదికి దిగాలి, పట్టుకోబోతే మళ్లీ బండ ఎక్కేయాలి. దొరికిపోతే వాళ్లు దొంగ.

నీమా నిజంగానే పరిగెత్తలేదు. ఒక అడుగేసి ఎటు పోవాలా అని ఆలోచిస్తుంది. అప్పటికి దొంగ వచ్చి ముట్టుకునే ఉంటాడు. తొలి అయిదు నిమిషాల్లో ఎన్నిసార్లు దొరికిందో చెప్పలేను. అప్పుడు మూడో అంతస్తు హారతి ఆట ఆపి, పిల్లలందరినీ జనరేటర్ వెనక్కి పిలిచింది. హారతి ఏడో తరగతికి వచ్చింది. సెల్లార్‌లో ఏ ఆటకైనా చట్టం ఆ పిల్లదే. గుసగుసలయ్యాక నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది, నీమా అక్కకి ఆట రాదు, పైగా గెస్టు, మాటిమాటికీ దొంగని చేస్తే బాగుండదు, అందుకని అరటిపండుని చేశామని.

తెలుగు దేశంలో పిల్లలుగా పెరిగిన వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మరీ చిన్న పిల్లలు మేమూ ఆడతామని ఏడిస్తే ఆడనిస్తాం. వాళ్లు పరిగెడతారు, కేరింతలు కొడతారు, అందరూ వాళ్లని తరుముతున్నట్టు నటిస్తారు. ముట్టుకున్నా దొరికినట్టు కాదు. ఆటలో ఉంటారు, లెక్కలో ఉండరు. ఆటలో అరటిపండు అంటే అది. మా శిబిరంలో అప్పటికే ఒక అరటిపండు ఉంది, మాసయ్య కూతురు స్వర్ణ. ఇంకా బడిలో వేయలేదు దాన్ని. ఆ రోజునుంచి నీమా రెండో అరటిపండు అయింది.

ఎంత ముచ్చటగా చేశారో ఆ పిల్లలు. దొంగ వచ్చి నీమాకి జానెడు దూరంలో చెయ్యి ఊపి, అబ్బ, తప్పించుకుంది అని నేల మీద పడి దొర్లేవాడు. నీమా బండ ఎక్కి రెండు చేతులూ పైకెత్తేది. వారం తిరిగేసరికి ఆ పిల్లకి తనంత ఆటగత్తె చిక్కడపల్లిలో లేదన్న నమ్మకం కుదిరిపోయింది. ఒకరోజు వాళ్లమ్మతో వీడియోలో మాట్లాడుతూ ఫోను నా ముందుకి తెచ్చి, తనని ఒక్కసారి కూడా ఎవరూ పట్టలేదని చెప్పమంది. వాళ్లమ్మకి వచ్చిన కాస్త ఇంగ్లీషులోనూ, నాకు వచ్చిన ఇంగ్లీషులోనూ, మీ అమ్మాయి గాలి కంటే వేగం అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. కూతుర్ని పెంచిన మనిషి కదా.

అబద్ధం చెప్పానని నాకేం పశ్చాత్తాపం లేదు. పరాయి దేశం పిల్ల, సంతోషంగా ఉంది, ఆ సంతోషం చెడగొట్టడం నా పనా?

చెడగొట్టింది స్వర్ణ. శిబిరం ఆఖరి వారంలో, ఆట అయ్యాక అందరూ మజ్జిగ తాగుతుంటే, స్వర్ణ వచ్చి నీమా ఒళ్లో కూర్చుంది. నిన్నెవ్వరూ పట్టలేరు కదా అని నీమా దాన్ని మురిపెం చేసింది. స్వర్ణ మూతికంటిన మజ్జిగ తుడుచుకుని, పెద్దమనిషిలా చెప్పింది.

"మనం అరటిపండ్లం గదక్కా. మనల్ని పట్టరు."

నీమాకి ముందు అర్థం కాలేదు. స్వర్ణ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. చిన్నోళ్లనీ, ఆట రానోళ్లనీ అట్లనే చేస్తరంది. తను పెద్దయితే దొంగ అవుతుందట, నీమా అక్క ఎప్పుడవుతుందో హారతక్కని అడగాలట. నీమా నా వైపు చూసింది. నేను మజ్జిగ గ్లాసులో కరివేపాకు వెతుక్కుంటున్నాను.

మిగతా పిల్లలు వెళ్లిపోయాక వచ్చి నా పక్కన నేల మీద చతికిలబడింది. వాళ్ల ఊళ్లోనూ ఇలాంటి పద్ధతి ఉందట. తన తమ్ముణ్ని అలాగే ఆడించేవారట. వాడు పెద్దయ్యాక ఎవరో చెబితే రెండు రోజులు అన్నం మానేశాడట. అప్పుడు తను పడీ పడీ నవ్విందట. పిల్లలు ప్రేమతోనే చేశారమ్మా అని సర్దిచెప్పబోయాను.

"ఎరుకే ఆంటీ. తమ్ముని మీద నాకు గూడ ప్రేమనే ఉండె," అంది. కాసేపు చాప అంచు పీకింది. "కుర్చీ వద్దు, పని గావాలని వచ్చిన గదా నేను. ఉరికే ఆటల గూడ నాకు కుర్చీయే వేసిన్రు. పోయేలోపల ఒక్కసారన్న దొంగ గావాలె ఆంటీ. ఉత్తుత్త దొంగ గాదు."

నవ్వులాటగా అనలేదు. ఆ పిల్లకి కష్టం వేసింది, గొంతులో తెలిసింది. నాకూ మనసు చివుక్కుమంది. అయినా నోరు ఊరుకోదు కదా, దొంగ కావడానికి ఇంత దూరం రావాలా అని వేళాకోళం చేశాను. దానికి నవ్వి, మెట్లెక్కి గదికి వెళ్లిపోయింది.

మర్నాడు తిన్నగా హారతి దగ్గరికి వెళ్లి, ఇవ్వాళ్టినుంచి నన్నూ లెక్కలో వేసుకోమని అడిగింది. సరే అక్కా అంది హారతి. ఆ సరే నాకు బాగా తెలుసు. అసోసియేషన్ మీటింగులో నేను ఏదైనా చెబితే రామచంద్రరావుగారు అనే సరే లాంటిదే. ఆట మొదలైంది. హారతే దొంగ. నీమా కావాలని నెమ్మదిగా నడిచి ఎదురుగా వెళ్లింది. హారతి చెయ్యి ఆమె భుజానికి తగిలింది. నేను దొంగనేనా అని నీమా ఆశగా అడిగింది. హారతి చాలా మర్యాదగా, లేదక్కా, చున్నీ తగిలిందంతే అని చెప్పి ఇంకో పిల్లాడి వెంటబడింది. ఆ పూటంతా అదే తంతు. చున్నీ తీసి నడుముకి కట్టుకుంటే, గాలి తగిలింది అన్నారు.

మర్యాదగల పిల్లలు. ఏంచేస్తాం, మేం పెంచిన పిల్లలే.

"అడిగితే ఇచ్చేది గాదు ఆంటీ ఇది," అంది నీమా ఆ మధ్యాహ్నం. ఆ తర్వాత రెండు రోజులు ఆడుతూనే బండలన్నీ లెక్కపెట్టుకుంటూ తిరిగింది. ఆలోచిస్తోందని నాకు అనుమానం వచ్చింది.

ముగింపు రోజు వచ్చింది. పొద్దున ఆట, సాయంత్రం సభ. ఆ సభలో పిల్లలందరినీ వణికించే అంశం ఒకటుంది, వందన సమర్పణ. పిల్లల్లో ఒకరు మైకు ముందు నిలబడి, చాపలిచ్చిన వాళ్ల దగ్గర్నుంచి మజ్జిగ పోసిన వాళ్ల దాకా అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పాలి. ఒక్క పేరు మరిచినా అంతే సంగతులు. కిందటేడు సాయిచైతన్య అన్న కుర్రాడు రెండో అంతస్తు వాళ్లని మరిచిపోతే, వాళ్లు తమ టేబుల్ ఫ్యాను సభ మధ్యలోనే విప్పుకుపోయారు. వాడిని ఇప్పటికీ లిఫ్టులో పలకరించరు. అందుకని ఈ ఏడు పిల్లలు ఒక కట్టుబాటు చేసుకున్నారు. మాసయ్య ఆఖరి బెల్లు కొట్టేసరికి ఎవరు దొంగగా ఉంటే వందన సమర్పణ వాళ్లది.

ఆ ఆట చూసి తీరాలి. ఎవరి మొహంలోనూ నవ్వు లేదు. దొంగ వంతు చేతులు మారుతూ మారుతూ చివరికి హారతి మీద పడింది. ఆ పిల్ల నేల కోరుకుంది. మాసయ్య అప్పటికే గంట దగ్గరికి నడుస్తున్నాడు. హారతి కళ్లు సాయిచైతన్య మీద ఉన్నాయి. వాడు గోడ మూల ఇరుక్కుని ఉన్నాడు, దగ్గర్లో బండ లేదు. ఇక దొరికిపోయాడు అనుకున్నాం.

అప్పుడు నీమా సాయంత్రం సభకని సిద్ధం చేసి పెట్టిన ఎర్ర మఖమల్ కుర్చీ ఎత్తుకొచ్చి ధడాలున వాడి ముందు వేసింది. వాడిని పైకి లాగింది, తనూ ఎక్కింది. కుర్చీ బండే అని ప్రకటించింది. హారతి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఈలోపల స్వర్ణ కూడా వచ్చి కుర్చీ చేతి మీద ఎక్కింది. హారతి అటు తిరిగి ఇంకొకరి వెంటబడితే, నీమా కిందికి దూకి, కుర్చీ ఎత్తుకుని అక్కడికీ పరిగెత్తి, వాళ్ల ముందు వేసింది. బస్సు కోసం పరిగెత్తని పిల్ల కుర్చీ పట్టుకుని సెల్లార్ అంతా పరిగెత్తింది. పోయిన చోటల్లా బండ మొలుస్తోంది. ముఖ్య అతిథి కుర్చీ తొడుగు ఊడి నేల మీద ఈడ్చుకుపోతోంది.

హారతి అరిచింది. ఇన్నాళ్ల మర్యాదా ఒక్కసారిగా ఎగిరిపోయింది.

"ఏంది అక్కా ఇది? కుర్చీ బండ ఎట్లయితది? తొండి చేస్తున్నవ్ నువ్వు!"

"తొండి గాదు. గీ కుర్చీ మీద కూసుంటే నన్నెవ్వరు ముట్టలే గదా ఇన్ని దినాలు. గందుకే ఇది బండ."

"అవన్ని నాకు తెల్వదు. నువ్వు కుర్చీ పట్టుకొని నేల మీద ఉరుకుతున్నప్పుడు నేను ముట్టిన. నువ్వే దొంగ."

పిల్లలంతా చుట్టూ చేరి తొండి తొండి అని గోల పెట్టారు. సాయిచైతన్య ఒక్కడే నీమా వైపు మాట్లాడాడు, వాడి ప్రాణం వాడిది. నీమా నడుం మీద చేతులు పెట్టుకుని అందరితోనూ ఒకేసారి పోట్లాడుతోంది. మొహం వెలిగిపోతోంది. ఎటూ తేలకపోయేసరికి హారతి గిర్రున తిరిగి నా కుర్చీ ముందుకి వచ్చింది. నేను కుర్చీలో నిటారుగా సర్దుకున్నాను. ఎందుకంటే ఆ పిల్ల నా అభిప్రాయం అడుగుతోంది. కుర్చీ బండ అవుతుందా కాదా, మీరే చెప్పుండ్రి ఆంటీ అంటోంది. గౌరవ సలహాదారునయ్యాక నన్ను సలహా అడగడం అదే మొదలు.

గొంతు సవరించుకుని తీర్పు చెప్పాను.

"కుర్చీ బండ కాదు. తొండి చేసింది నీమాయే. నీమా దొంగ."

మీరు గూడ వాళ్ల దిక్కేనా ఆంటీ అని నీమా నా మీదికి వచ్చింది. అంతలో మాసయ్య గంట కొట్టేశాడు. గంట వినగానే నీమా స్వర్ణని ఎత్తుకుని, నేను దొంగ, నేను దొంగ అంటూ గిరగిరా తిరగడం మొదలెట్టింది. పిల్లలు తెల్లబోయారు. వందన సమర్పణ మెడకి చుట్టుకుంటే ఇంత సంబరపడే మనిషిని వాళ్లు ఎక్కడా చూడలేదు. స్వర్ణకి మాత్రం కోపం వచ్చింది. ఇక తను ఒక్కతే అరటిపండు అయిపోయిందని బుంగమూతి పెట్టింది. వచ్చే ఏడు లెక్కలో వేసుకుంటానని హారతి దానికి మాటిచ్చాక గానీ ఊరుకోలేదు.

సాయంత్రం సభలో రామచంద్రరావుగారు పడ్డ అవస్థ వేరు. ముఖ్య అతిథి వేదిక మీద కూర్చోవాలి గానీ వందన సమర్పణ చేయడమేమిటి, ఏ సభలోనైనా ఉందా అన్నారు. ఆటలో తేలింది అంకుల్, మార్చడానికి లేదు అని హారతి తెగేసి చెప్పింది. నీమా మైకు ముందుకి వెళ్లింది. చాపలు, మజ్జిగ, గంట, నీళ్ల డ్రమ్ము, రెండో అంతస్తు టేబుల్ ఫ్యాను, సెల్లార్ కడిగిన మాసయ్య, చీపురు లాక్కున్న బుగ్గమ్మ, తీర్పు చెప్పిన నేను, ఎవ్వరినీ వదల్లేదు. చప్పట్లు కొట్టేశారు. నీమా దిగిపోతోంది. అప్పుడు రామచంద్రరావుగారు లేచి నిలబడ్డారు. ఆయన పేరు లేదు.

"ఏమ్మా, ఇంతమంది పేర్లు గుర్తొచ్చాయి, నేను గుర్తు రాలేదా?" అన్నారు. నిజంగా కోపం వచ్చింది ఆయనకి. అంతర్జాతీయ వాలంటీరు అన్న సంగతి మరిచిపోయి, ఇంట్లో మనుషుల్ని దులిపినట్టు దులిపారు.

నీమా నాలిక్కరుచుకుంది. తర్వాత బల్ల మీద తన కోసం మడిచిపెట్టిన రెండో శాలువా తీసుకుని, ఆయన దగ్గరికి వెళ్లి, మెడ చుట్టూ తిప్పి బాగా బిగించి కప్పింది. మరిచిపోయిన సార్, గలతి అయింది అంది. ఆయన కరిగిపోయారు. కరిగిపోవడమే కాదు, చెమటతో తడిసిపోయారు కూడా. సన్మానం చేసిన శాలువా సభ ముగిసేదాకా తీయకూడదని ఆయన పెట్టిన నియమమే. ఎన్నో భుజాల మీద కప్పిన మనిషికి అది ఎంత బరువుంటుందో ఆ పూట తెలిసింది.

సభ అయిపోయింది. తల్లులూ తండ్రులూ ఫొటోలు తీసుకుని పైకి వెళ్లిపోయారు. కార్లు లోపలికి రావాలి కాబట్టి సర్దుడు మొదలైంది. హారతి ఎవరెవరు ఏం చేయాలో పురమాయిస్తోంది. నీమా అక్కా, ముందు ఆ చాపలు చుట్టు, తర్వాత కుర్చీలు ఎత్తు, నువ్వే ఆగం చేసినవ్ అన్నీ అని కసిరింది. నీమా కిక్కురుమనకుండా చాపలు చుట్టింది, కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపింది, తొడుగు దులిపి మడిచింది. నువ్వు కూర్చో అని ఎవ్వరూ అనలేదు. నేను నా కుర్చీలో కూర్చుని అదంతా చూస్తున్నాను. చివరికి సెల్లార్‌లో రెండే మిగిలాయి, జ్యోతి పెట్టిన పాత టేకు బల్ల, నేను.

నీమా బల్ల ఒక కొస పట్టుకుని లేపి చూసింది. కదల్లేదు. మాసయ్య వీధిలో కార్లకి దారి చూపిస్తున్నాడు. పిల్లలు కుర్చీలు మోసుకుని మెట్ల మీద ఉన్నారు. చుట్టూ చూసి, ఆ చూపు నా మీద ఆపింది.

"ఏం జూస్తున్రు ఆంటీ? గా కొస జర పట్టుండ్రి."

శాలువా విప్పుకుంటున్న రామచంద్రరావుగారు కంగారుగా ఇటు వచ్చారు. మేడమ్‌కి ఆపరేషన్ అయిందమ్మా, మేడమ్ కూర్చుంటారు, నేను మాసయ్యని పిలుస్తాను అంటున్నారు. మోకాళ్లు నావి, మీవి కావు కదా అన్నాను ఆయనతో. ఇంత చిన్న మాట ఇన్నాళ్లూ ఎందుకు అనలేదో నాకే తెలియదు. రెండేళ్లలో నన్ను ఒక పని చేయమని అడిగింది ఆ పిల్ల ఒక్కతే. చెప్పొద్దూ, ఒళ్లంతా సంతోషం వేసింది.

లేచాను. చీర కుచ్చెళ్లు బొడ్లో దోపి రెండో కొస పట్టుకున్నాను. మోయలేకపోతే చెప్పమంది నీమా. ముందు నువ్వు సరిగ్గా పట్టుకో, నీ వైపు వంగిపోతోంది అని కసిరాను. మూడేళ్లలో ఆ పిల్లని నేను కసరడం అదే మొదలు. బల్ల బరువుగానే ఉంది. ర్యాంపు ఎక్కేదాకా ఇద్దరం దించలేదు.